నా అనుభవం: ఓడెక్కిన ఎల్లయ్య కోసం మూడేళ్ళు

నేను ఒంగోలు డిపోలో కండక్టర్‌ని, ఇరవై ఏడేళ్ళ సర్వీసు. వంశవృక్షాలు అవీ రాసి పెట్టుకునే ఇళ్ళు కాదు మావి. ముత్తాత పేరు చెప్పమంటే చెప్తాం, దాని పైన ఇంకొకటి అడిగితే తల గోక్కుంటాం. అట్టాంటి నేను, నూటపాతికేళ్ళ కిందట కూలికి ఓడెక్కి సౌతాఫ్రికా పొయిన ఒక మనిషి ఊరూ, ఇంటోళ్ళూ ఎవరో వెతికే పని మీద మూడేళ్ళు సెలవులన్నీ పెట్టి తిరిగా. ఎట్టా తిరిగానో, యాడ తప్పు పొయ్యానో రాస్తన్నా, మన వైపు ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఓడెక్కి పొయ్యే ఉంటారు కాబట్టి ఎవరికన్నా పనికొస్తదేమో.

2022 ఆగస్టులో ఒకరోజు కనిగిరి ట్రిప్పు అయిపోయి డిపోలో డబ్బులు కట్టి టిమ్ము (టికెట్లు కొట్టే మిషను) అప్పజెప్తా ఉంటే వాట్సాప్‌లో మెసేజి వచ్చింది, ప్లస్ 27 నంబరు. నేను ఫ్రాడ్ అనుకోని బ్లాక్ చెయ్యబోయా. మా పాస్టరు గారు ఫోన్ చేసి ఆమె మనోళ్ళే అంట, సౌతాఫ్రికా, డర్బన్ దగ్గర, రిటైరైన నర్సు, వాళ్ళ తాతల ఊరు ఒంగోలు పక్క అంట, నువ్వు అన్ని ఊళ్ళూ తిరుగుతావు గదా అని నీ నంబరిచ్చా అన్నారు. సరే అన్నా. ఆమె ఇంగ్లీషు మా పాప చదివి చెప్పింది, నా జవాబులు కూడా పాపే టైపు చేసింది, మొదటి ఆరు నెలలు ఇట్టాగే నడిచింది.

ఆమె పంపింది ఒక ఫోటో. పాత లిస్టులో ఒక వరస. ఇక్కడ కొంచెం చెప్పాలి, 1860 నవంబరు నుంచి 1911 దాకా మన దేశం నుంచి నేటాల్‌కి, అంటే సౌతాఫ్రికాలో డర్బన్ ఉండే పక్కకి, లక్షా యాభై రెండు వేల మంది పైన కూలీలు పొయ్యారు, అందులో ఎక్కువ భాగం మద్రాసులో ఓడెక్కినోళ్ళే. ఐదేళ్ళ అగ్రిమెంటు, చెరుకు తోటలు, తేయాకు తోటలు, బొగ్గు గనులు, రైలు పని. ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు, ఇవన్నీ లిస్టులో రాసి పెట్టారు. ఆ లిస్టులు ఇప్పటికీ ఉన్నాయి, కంప్యూటర్‌లోకి కూడా ఎక్కించారు. నంబరు తెలిస్తే మనిషి దొరికినట్టే. వాళ్ళింట్లో బైబిల్ అట్ట లోపల వాళ్ళ తాత ఆ నంబరు రాసి పెట్టాడంట, దాంతో లాగింది ఆమె.

వరసలో ఏముందంటే, పేరు ఎల్లిగాడు. తండ్రి పోలిగాడు. వయసు 22. సంవత్సరం 1897. కులం మాదిగ. జిల్లా నెల్లూరు, తాలూకా ఒంగోలు. ఊరు ఏదో మూడు నాలుగు అక్షరాల గజిబిజి, చివర 'పాడు' అని ఉంది. గుర్తు, ఎడమ బొటనవేలి మీద మచ్చ.

ఊరి పేరు తప్పు రాశారు గానీ కులం మాత్రం స్పెల్లింగ్‌తో సహా కరెక్టుగా రాశారు, అది చూసి నాకు నవ్వొచ్చింది.

ఆమె రెండో మెసేజిలో ఒక ప్రశ్న అడిగింది. వాళ్ళ ఇంటిపేరు ఇప్పుడు ఎల్లిగడూ. అక్కడి మనోళ్ళకి ఇంటిపేరు లిస్టులోకి ఎక్కలేదు కాబట్టి ఓడెక్కిన ముత్తాత పేరే ఇంటిపేరు అయిపోయింది, చాలా ఇళ్ళల్లో అంతే. ఆమె అడిగింది ఏందంటే, 'గడూ' అంటే ఏంది, నాయుడు లాగా ఏదన్నా బిరుదా? మా నాన్న గేటు మీద ఇత్తడి అక్షరాలతో చేయించాడు, అర్థం తెలియకుండానే పొయ్యాడు, నువ్వు చెప్పు బ్రదర్.

పాప ఫోన్ పట్టుకోని ఏం టైప్ చెయ్యాల నాయనా అంటంది. నేను 'కనుక్కోని చెప్తా అని పెట్టు' అన్నా. ఏడాదిన్నర కనుక్కుంటానే ఉన్నా.

ముందు ఊరు సంగతి. ఆమె నాకన్నా ముందే ఎనిమిదేళ్ళ నుంచి వెతుకుతా ఉంది, జిల్లా నెల్లూరు అని ఉంది కదా అని నెల్లూరు మ్యాప్ అంతా గాలించింది, ఎవడో ఒకతను డబ్బులు తీసుకోని పెన్న ఒడ్డున ఏదో ఊరి ఫోటోలు పంపి ఇదే మీ ఊరు అని చెప్పాడంట. ఆమె ఆ ఫోటో ఫ్రేము కట్టించింది కూడా. నాకు ఒళ్ళు మండింది. అసలు సంగతేందంటే 1897లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1904లో గుంటూరు జిల్లా కట్టినప్పుడు దాంట్లో కలిపారు, 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో ప్రకాశం పేరు పెట్టారు. కందుకూరు వాళ్ళయితే నెల్లూరు నుంచి ప్రకాశంకి వచ్చి 2022లో మళ్ళీ నెల్లూరుకే పొయ్యారు. ఊరు ఊరిలోనే ఉంటది, జిల్లాలే అటూ ఇటూ తిరుగుతుంటాయి. పాత కాగితంలో జిల్లా పేరు చూసి ఇప్పటి మ్యాప్‌లో వెతకబాకండి, ముందు తాలూకా చూడండి.

ఇంక 'పాడు'. మన పక్క పాడు లేని దారి యాడుంది, మద్దిపాడు, ఉలవపాడు, నాగులుప్పలపాడు, టికెట్ కొట్టీ కొట్టీ నాకు నోటికి వచ్చు. నేను చేసింది ఏందంటే డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కో స్టేజి పేరు నోట్లో అనుకోవడం, మన మనిషి భయంభయంగా చెప్తే ఆ పేరు తెలుగు రాని గుమస్తాకి ఎట్టా వినపడుద్దో అట్టా. వాళ్ళకి మన ళ, ణ పలకవు, డ ద ఒకటే, మధ్యలో ఒత్తు ఉంటే ఎగరగొడతారు. డ్రైవరు ఏందయ్యా తిక్క పట్టిందా నీకు అన్నాడు. నాలుగు ఊళ్ళు మిగిలినయ్. వాటిల్లో ఒకటి మా ఊరు.

నిజం చెప్తన్నా, అప్పటిదాకా మా ఊరు అని నాకు తోచనే లేదు. ఎవరికో సాయం చేస్తన్నా అనుకున్నా. (ఊరి పేరు ఇక్కడ రాయను, మా పేటలో ఉన్నదే ముప్పై ఇళ్ళు, ఎవరెవరో తెలిసిపోతది.)

నాలుగు ఊళ్ళల్లో పాత రికార్డులు చూద్దామని బయల్దేరా. అందరూ చెప్పేది ఒకటే, డైగ్లాట్ చూడు, పాత అడంగల్ చూడు, ఆర్.ఎస్.ఆర్ చూడు అని, అన్నీ ఊరి పాత భూమి లెక్కల పుస్తకాలే. భూమి ఉన్నోళ్ళకి అది మంచి దారే, సర్వే నంబరు పట్టుకుంటే పట్టాదారు పేరు, వాళ్ళ నాయన పేరు వరసాగ్గా దొరుకుతాయి. మా ఊరి పాత కరణం గారి కొడుకు, కరణాలు పొయ్యి నలభై ఏళ్ళయినా ఆయన్ని ఇంకా కరణం గారనే అంటారు, ఆయన మంచిగా కూర్చోబెట్టి టీ ఇప్పించి చెప్పాడు, 'అబ్బయ్యా, మీ పెద్దోళ్ళకి పట్టా యాడుంది, మా పుస్తకాల్లో మీ పేర్లు ఉండవు. వెట్టి మాన్యం కాడ ఒకటో రెండో ఉంటాయేమో, ఉన్నా ఫలానిగాడు అనే ఉంటది. మా తాత అట్టాగే రాసేవాడు.' ఆయన తప్పు దాచుకోకుండా చెప్పాడు, దానికి నేను ఏం అనలేదు. గాడు సంగతి లిస్టు రాసిన తెల్లోడి పని కాదని ఆ రోజు అర్థమయింది. మనిషి ఊరి నుంచే ఆ తోకతో పొయ్యాడు, పేరేందిరా అంటే ఊళ్ళో పిలిచే పేరే చెప్పాడు.

పిచ్చుకుంట్లోళ్ళు వచ్చి గోత్రాలు, వంశాలు చెప్పేది కూడా పెద్ద కులాల ఇళ్ళకే. మా వాళ్ళకి డక్కలోళ్ళు చెప్పేవాళ్ళంట, మా నాయన చిన్నప్పుడే రావడం మానేశారంట.

ఇంక మిగిలింది ముసలోళ్ళు. మా నాయన మేనత్త కొండపి దగ్గర ఉంటది, నేను అవ్వా అంటా. 27 గాలివాన అయిన మూడేళ్ళకి పుట్టా అంటది, అంటే 1927లో నెల్లూరుని కొట్టిన గాలివాన, ఆ లెక్కన అప్పటికి తొంభై రెండేళ్ళు. ముసలోళ్ళని సంవత్సరం అడగబాకండి, ఏ వానకి ముందు, ఎవరి పెళ్ళికి తర్వాత అని అడగండి. ఇంకోటి, అన్నం తిన్నాక అడగండి.

నేను ఊరికే అవ్వా మన ఇళ్ళల్లో ఎల్లయ్య అని ఎవరన్నా ఉండారా అన్నా. ఆకు నముల్తా ఉండేది నమలడం ఆపింది.

'ఓడెక్కినోడా?'

నాకు ఒళ్ళు జలదరించింది. నేను ఓడ మాటే ఎత్తలేదు.

'మా పెదనాయన. నేను చూడలా, నేను పుట్టకముందే పొయ్యాడు. మా నాయన చెప్పి ఏడ్చేవాడు కల్లు తాగినప్పుడు. కరువులో మేస్త్రీ వచ్చి పట్నంలో పని అని చెప్పాడంట. కాలవ మీద పడవెక్కి పట్నం పొయ్యాడు. ఆ కాలవ తవ్వింది మా తాతేరా, క్లౌ దొర తవ్వించలా ధాత కరువులో?'

ఇది వింటే తెలిసినోళ్ళకి తెలుస్తది. ధాత కరువు అంటే 1876-78 కరువు. ఒంగోల్లో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పుడు బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకోని కరువు జనానికి కూలి పని ఇప్పించాడు. పని కోసం, కూడు కోసం మతంలోకి వచ్చారని అనిపించుకోకూడదని కరువు నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మా సంఘాల్లో ఈ నంబరు తెలియని పిల్లోడు ఉండడు. 1899 దాకా ఇటు మద్రాసుకి రైలు లేదు, కాలవే దారి. పోలయ్య తట్ట మోసిన కాలవ మీద ఇరవై ఏళ్ళకి కొడుకు పడవెక్కి పొయ్యాడు.

అవ్వకి బొటనవేలి మచ్చ సంగతి చెప్తే ఇదేం పెద్ద విషయం అన్నట్టు చూసింది. 'ఆరె దిగి ఉంటదిలే. మా నాయనకీ ఉండేది, మా అన్నకీ ఉండేది. కపిల బాన కుట్టే ప్రతోడికీ ఉంటది.' ఆరె అంటే తోలు కుట్టే ముల్లు, కపిల అంటే మోట. ఇప్పుడు మోట బావులు లేవు, తోలు బాన చూసినోళ్ళు కూడా లేరు. మా పాప కపిల అంటే క్రికెటర్ అనుకుంది.

సరే నోటి మాట దొరికింది, కాగితం కావాలి. పోలయ్య 1878లో బాప్తిస్మం తీసుకోని ఉంటే సంఘం పుస్తకంలో ఉండాలి కదా. ఆ పుస్తకం కోసం పడిన తిప్పలు రాస్తే ఇంకో రెండు పేజీలవుద్ది, క్లుప్తంగా చెప్తా. సంఘంలో రెండు గ్రూపులు, బీరువా ఒకరి దగ్గర, తాళం ఇంకొకరి దగ్గర, కేసు కోర్టులో. మూడు ఆదివారాలు పొయ్యి వచ్చా. నాలుగో ఆదివారం తెలిసింది ఏందంటే బీరువాలో పాతవి ఏమీ లేవు, ఎప్పుడో చనిపొయిన పాస్టరు గారి భార్య ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయని. ఆ అమ్మ దుప్పటి ముక్కలో చుట్టి దాచింది. తీసుకుపోనివ్వను, ఇక్కడే కూర్చోని చూసుకో నాయనా అంది. అదే మంచిదయింది, కమిటీ వాళ్ళ చేతికిస్తే ఈపాటికి లేకుండా పొయ్యేది.

పుస్తకం అంచులు అప్పడం లాగా విరిగిపోతన్నయ్. సిరా గోధుమ రంగుకి తిరిగింది, కొన్ని చోట్ల అక్షరం ఉన్న చోట కాగితమే చిల్లు పడింది. వరస నంబరు, పేరు, ఊరు, బాప్తిస్మం తేదీ, చివర రిమార్కు. 1878 జూలై పేజీలు ఒకే చేతిరాత, ఒకే సిరా, పేజీ మీద పేజీ, రాసినాయనకి చెయ్యి నొప్పి పుట్టిందేమో కింద పోను పోను అక్షరాలు ఒరిగిపొయినయ్. పదకొండో పేజీలో మా ఊరు. పోలయ్య. గాడు కాదు, అయ్య. ఆ పేజీలో మా పేటోళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు, పద్నాలుగు మందికీ అయ్య, అమ్మ.

నేను ఆ పేజీ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నా, ఆ అమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది.

ఎల్లయ్య 1893 పేజీలో దొరికాడు. పోలయ్య కొడుకు అని రాసి ఉంది. రిమార్కులో, 'సముద్రము దాటి పోయెను. పేరు కొట్టివేయబడెను.' కొట్టేశారు గానీ గీత సన్నది, కింద పేరు బాగానే కనపడతంది. దాని రెండు పేజీల తర్వాత ఇంకొక వరస ఉంది, అప్పుడు సరిగ్గా పట్టించుకోలా, ఫోటో మాత్రం తీసుకున్నా. మీరు ఇట్టాంటివి చూస్తే మీ పేరు ఉన్న పేజీ ఒక్కటే కాదు, ముందూ వెనకా పది పేజీలు ఫోటోలు తీసుకోండి.

వరస కలిసింది. ఎల్లయ్య మా ముత్తాతకి అన్న. అంటే ఆమె తాత మా తాత అన్నదమ్ముల బిడ్డలు, ఆమె నాన్న మా నాయనకి అన్న వరస, ఆమె నాకు అక్క. అప్పటిదాకా పాప 'మేడం' అని టైపు చేసేది, ఆ రోజు నేనే ఫోన్ తీసుకోని తెలుగులో వాయిస్ మెసేజి పెట్టా, అక్కా అని. ఆమెకి అక్క అన్న మాట అర్థమయింది. వాళ్ళింట్లో మిగిలిన తెలుగు ముక్కల్లో అదొకటి, అవ్వ, అక్క, పప్పు, చారు, దా, పో. తెలుగు పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోని గుడిలో పాడతారంట. 1903లో మన తెలుగు బాప్టిస్టుల మిషన్ తరపున జాన్ రంగయ్య గారు ఇక్కడి నుంచి నేటాల్ పొయ్యి కీర్‌స్నీ అనే చోట తేయాకు తోటల్లో మనోళ్ళ మధ్య సంఘం పెట్టారు, ఎల్లయ్య బిడ్డలు ఆ సంఘంలోనే పెరిగారు. ఇక్కడ కొట్టేసిన పేరు ఆడ మళ్ళీ ఎక్కిందన్న మాట.

2023 డిసెంబర్లో అక్క వచ్చింది. మా చిన్నాయన కొడుకు ఒకడు ముందురోజు రాత్రి వచ్చి అన్నా ఈమె ఇంటి స్థలంలో వాటా అడగదు గదా అన్నాడు. అరవై గదుల స్థలం (గది అంటే మా వైపు స్థలం కొలత), దాంట్లో మూడు ఇళ్ళు. నేను తిట్టి పంపిచ్చా గానీ అవ్వ కూడా మొదట అడిగింది అదే, నవ్వుతా అడిగింది, 'నూటిరవై ఏళ్ళకి గుర్తొచ్చామా, వాటాకి వచ్చావా ఏంది?' పాప ఇంగ్లీషులో చెప్తే అక్క పగలబడి నవ్వి హ్యాండ్‌బ్యాగ్ తీసి అవ్వ ఒళ్ళో పెట్టి ఇదే నా వాటా తీసుకో అంది. అవ్వ నిజంగానే తెరిచి చూసింది.

అక్కని కొత్తపట్నం దారిలో కాలవ కాడికి తీసకపొయ్యా. చూపించడానికి సిగ్గేసింది, గుర్రపుడెక్క, చెత్త, నీళ్ళు కదలట్లా. ఆమె మాత్రం కట్ట మీద నుంచి దక్షిణం వైపు చూస్తా చాలాసేపు నిలబడింది. ఆడే అడిగింది మళ్ళీ, గడూ అంటే ఏంది, నువ్వు ఇంతవరకు చెప్పలా అని.

ఇంక దాచలేకపొయ్యా. నాకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పా, పాప లేదు పక్కన. అది బిరుదు కాదక్కా, మనల్ని ఊళ్ళో అట్టా పిలిచేవాళ్ళు, కుక్కని పిలిచినట్టు, పుస్తకంలో అయ్య అని ఉంది చూడు అని ఫోన్‌లో ఫోటో చూపించా. ఆమె ఏం మాట్లాడలా. కారులో కూడా మాట్లాడలా. ఒంగోలు వచ్చాక అల్లూరయ్య మైసూర్‌పాక్ కొట్టు ముందు ఆగితే అప్పుడంది, మా నాన్న ఆ పేరుతో మెట్రిక్ పాసయ్యాడు, ఆ పేరుతో ఇల్లు కట్టాడు, నా నర్సు సర్టిఫికెట్ మీద అదే ఉంది, ఇత్తడి అక్షరాలు తియ్యను అని. నేను తియ్యమని యాడన్నా. తర్వాత ఏమనుకుందో ఏమో, పుస్తకంలో ఉన్నది తెలుగులో పెద్దగా రాసివ్వు, ఫ్రేము ఖాళీ చేస్తా అంది. ఆ పెన్న ఒడ్డు ఫోటో ఉన్న ఫ్రేము. పోలయ్య కొడుకు ఎల్లయ్య అని మా పాప రాసిచ్చింది.

ఇప్పుడు ఆ రెండు పేజీల తర్వాత వరస సంగతి. అక్క పొయ్యాక ఫోటోలు పెద్దవి చేసి చూస్తంటే కనపడింది. 1895. పేరు ఉండాల్సిన చోట 'ఎల్లయ్య భార్య', అంతే. రిమార్కు, 'మారుమనువు పోయెను. వెలివేయబడెను.' సంవత్సరం 1901.

అక్కోళ్ళ ముత్తవ్వ ఆర్కాటు వైపు మనిషి, మద్రాసులో ఓడెక్కే ముందు కూలీల్ని ఉంచే డిపోలో కలిసిందంట ఎల్లయ్యకి, లిస్టులో ఆమె నంబరు పక్క నంబరే. అంటే ఇక్కడ ఒక భార్యని వదిలిపెట్టి పొయ్యాడు. నాలుగేళ్ళు చూసింది ఆమె. ఉత్తరం లేదు, కబురు లేదు, ఇంకొకర్ని చేసుకుంటే సంఘం వెలేసింది. ఆయన పేరు కొట్టేయడానికి సముద్రం చాలు, వెలేసే పని లేకపొయింది. ఇది అక్కకి వెంటనే చెప్పా, ఈసారి ఏడాదిన్నర ఆగలా.

మళ్ళీ కొండపి పొయ్యా. అవ్వ బాగా నీరసపడింది, వినపడటం తగ్గింది. అవ్వా ఎల్లయ్య భార్య పేరేంది అని చెవిలో అరిచా. చాలాసేపు ఆలోచించింది.

'పేరు తెలవదురా. మా నాయన వదినే అనేవాడు. గుడ్లూరు పక్క పొయింది. పొయ్యేటప్పుడు చంకలో పిల్ల ఉండిందంట.'

ఆ పిల్ల ఎవరి పిల్లో అవ్వకి తెలియదు. గుడ్లూరు పక్క మా వాళ్ళ పేటలు ఏడో ఎనిమిదో ఉన్నాయి. వచ్చే ఆదివారం వీక్లీ ఆఫ్, మొదటిదానికి పోతన్నా, అక్క వీడియో కాల్‌లో ఉంటా అంది.